ఊ కొట్టినవాడు

సముద్రం మా సమాధుల తోటను కొరకడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. మొదట్లో మర్యాదగా ఏడాదికో మూర చొప్పున తినేది. నిరుడు తుఫానుకి సిగ్గు విడిచి ఒకేసారి రెండు వరుసలు మింగేసింది. మర్నాడు ఎవరి తాతో, ఎవరి మేనత్తో ఒడ్డున తేలేసరికి ఊళ్లో వారం రోజులు ఎవరూ చేప ముట్టలేదు. ఎనిమిదో రోజు మళ్లీ పొయ్యి మీద పెట్టారు. ఆకలి ముందు ఎవరి తాతయినా ఒకటే.

నేను సమాధులు తవ్వేవాణ్ణి. మా నాన్నా అదే పని చేశాడు. చర్చి ఒక్కటే గానీ దాని కింద ఏడు ఊళ్లున్నాయి. ఏడూ కలిపి ఒక విచారణ. మా ఊరు నీళ్ల అంచున ఉంటుంది, మిగతా ఆరూ లోపల గుట్టల మీద. బతికున్నన్నాళ్లూ ఆ గుట్టలవాళ్లు మా చేపల వాసనకి ముక్కు మూసుకుంటారు. పోయాక మాత్రం అందరూ దిగి మా ఇసుకలోకే రావాలి. అందుకే విచారణలో ఎంత పెద్దమనిషి ఎదురైనా నాకు బెరుకు లేదు. ఎప్పుడో ఒకప్పుడు నా చేతి కిందికి రావలసినవాడే కదా అనుకుంటాను.

కొత్త ఫాదర్‌కి ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. ప్రతిదానికీ ఒక కాగితం కావాలంటాడు. మిగిలిన సమాధులన్నీ గుట్ట మీది కొత్త స్థలానికి మార్చాలని నిర్ణయించి, దానికో పద్ధతి పెట్టాడు. పాత పెట్టె తెరవాలి. ఎముకలు చిన్న పెట్టెలోకి తియ్యాలి. ఇంటివాళ్లలో ఒకరు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. రెండు నెలలుగా ఇదే పని. నాకు నడుము పడిపోయింది, ఆయనకి కాగితాలు కట్టలు కట్టలుగా పెరిగాయి.

మంగళవారం మా అత్త వంతు వచ్చింది. ఆమె కొడుకు పెట్టె తెరవాలి. ఆ పెట్టెలో ఆమె కొడుకు లేడు, రాళ్లున్నాయి. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే పెట్టింది నేనే.

అత్త అంటే నా భార్య తల్లి. కొడుకంటే నా బావమరిది. ఈల వెయ్యకుండా రెండడుగులు నడవలేడని ఊరంతా వాణ్ణి ఈలగాడు అనేవాళ్లు. ఇరవై రెండేళ్ల వయసులో, అంటే పంతొమ్మిదేళ్ల కిందట, ఒంటరిగా చిన్న పడవ వేసుకుని వెళ్లాడు. మూడో రోజు పడవ బోర్లా తిరిగి వచ్చింది. వాడు రాలేదు.

సముద్రంలో పోయి దొరకనివాళ్లకి మా విచారణలో ఒక ఏర్పాటుంది. పెట్టెలో మనిషి బరువుకి సరిపడా రాళ్లు పేర్చి పూడుస్తాం. ఎలా పడితే అలా వేస్తే మోసేవాళ్ల భుజాల మీద దొర్లుతాయి. అందుకని మా నాన్న నాకు ఒక వరుస నేర్పాడు. తల దగ్గర గుండ్రటిది, ఛాతీ దగ్గర వెడల్పాటివి రెండు, కాళ్ల దగ్గర పొడుగాటివి, సందుల్లో ఇసుక. పేర్చడం అయ్యాక నేను మొహం పక్కకి తిప్పుకుని మూత వేస్తాను. అచ్చం మనిషి పడుకున్నట్టే ఉంటుంది, నాకు గిట్టదు. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఇంటివాళ్లే తలా ఒక రాయి తెచ్చి ఇస్తారు.

అత్త ఒప్పుకోలేదు. "నా కొడుకు రాయా? రాయిని పూడ్చి దాని ముందు ఏడవమంటారా? వాడొస్తాడు. నేను చూస్తా" అని వెళ్లి ఒడ్డున కూర్చుంది. పోటుకి వెనక్కి జరిగేది, ఆటుకి ముందుకి జరిగేది. ఎవరైనా బలవంతాన పోస్తే నాలుగు గుక్కల నీళ్లు తాగేది. పదకొండో రోజుకి మాట పడిపోయింది. ఐదో నెల కడుపుతో నా భార్య తల్లి పక్కనే వానలో తడుస్తూ కూర్చుంది. ఇద్దరినీ, కాదు, ముగ్గురినీ నేనే తవ్వి పూడ్చాల్సొస్తుందని నాకు వణుకు పుట్టింది.

పన్నెండో రోజు పొద్దున అబద్ధం చెప్పాను. విచారణ చివర, కొండ కింది ఇరుకు ఒడ్డుకి వాడు కొట్టుకొచ్చాడని, ముఖం చూసేలా లేదు కాబట్టి అక్కడే పెట్టెలో పెట్టి మేకులు కొట్టేశానని. అత్త నా కళ్లలోకి చూసింది.

"నువ్వు చూశావా?"

"చూశాను."

అంతే. లేచి ఇంటికొచ్చింది, రెండు ముద్దలు తింది, పడుకుంది. నేను చేసిన పనికి ఆ రోజు నాకు సిగ్గు వెయ్యలేదు. బతికించాను అనుకున్నాను.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అత్త ఆ సమాధి దగ్గరికి వెళ్లి కొడుకుతో మాట్లాడుతుంది. ఏడుపులు కాదు, కబుర్లు. మా అమ్మాయి పుట్టిన సంగతి. దీపస్తంభం మూసేసిన సంగతి. పక్కింటావిడ గోడ రెండు జానలు ఇటు జరిపి కట్టిన సంగతి. నేను పంటి నొప్పితో మూడు రోజులు ఇల్లు పీకి పందిరేసిన సంగతి. వానొచ్చినా, ఒళ్లు వెచ్చబడినా ఒక్క రోజు మానలేదు. ఇప్పుడు ఆమెకి ఎనభై దాటాయి. కళ్లలో పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు. ప్రహరీ గోడ పట్టుకుని వెళ్తుంది, గోడ పట్టుకుని వస్తుంది.

ఒక్కోసారి ఇంటికొచ్చి కూర్చుని అంటుంది. "రాత్రి వాడు కల్లోకొచ్చాడు. గుండె మీద బరువుగా ఉందమ్మా అంటాడు. ఎందుకురా అంటే చెప్పడు."

ఆ మాట విన్న పూట నాకు ముద్ద దిగదు. ఛాతీ దగ్గర వెడల్పాటివి రెండు. నా చేతులకి ఇంకా గుర్తే.

అత్తకి చూపు లేదు కదా, ఆమె బదులు మా ఆవిడ చూసి సంతకం పెడుతుంది, నేను కాళ్లావేళ్లా పడితే మా ఆవిడ సర్దుకుంటుంది అని ఒక ఆశ ఉండేది. ఆ మాట కదిపేసరికి అత్త ఇంతెత్తున లేచింది. "పోయింది కళ్లు, చేతులు కాదు. వాడి తల నేనే పట్టుకుని పైకి తీస్తా. పుట్టినప్పుడు ముందు పట్టుకున్నది నేనే."

అందుకని సోమవారం మిట్టమధ్యాహ్నం ఒక పాపపు పనికి ఒడిగట్టాను. తోటలో ఒక మూల, ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చిన శవాల వరుస ఒకటుంది. వాళ్లకి పేరు లేదు, అడిగేవాళ్లు లేరు. అందులో ఒకడి ఎముకలు తెచ్చి ఈలగాడి పెట్టెలో పెడితే ఎవరికి నష్టం? మగవాళ్లు సముద్రం మీద ఉన్నారు. ఆడవాళ్లు చేపలకి ఉప్పు పట్టే షెడ్డులో ఉన్నారు. చర్చి గంట మూడు కొట్టాక గానీ అత్త రాదు. ముందు రాళ్లు తీసేద్దామని ఈలగాడి సమాధి తవ్వాను.

మూత పుచ్చిపోయి పారకే ఊడొచ్చింది. రాళ్లు నేను పేర్చినట్టే ఉన్నాయి. ఇసుక కిందికి జారిపోయి, రాళ్లు మాత్రం మరీ మనిషిలా తేలాయి. అంచుకి దగ్గర కాబట్టి ఆ గుంటలో సముద్రం పక్క గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. కెరటం కింద కొట్టినప్పుడల్లా మట్టి గోడ లోపల ధబ్ మంటుంది, కాళ్ల కింద రాళ్లు కదులుతాయి. నలభై ఏళ్లుగా సమాధుల్లో దిగి ఎక్కుతున్నవాణ్ణి. ఆ రోజు మాత్రం ఆ రాళ్ల వైపు వీపు పెట్టలేకపోయాను.

ఛాతీ మీది మొదటి రాయి ఎత్తబోతుంటే కర్ర చప్పుడు వినిపించింది. గంట ఇంకా కొట్టలేదు. రేపటి హడావుడి మనసులో పెట్టుకుని అత్త ముందే వచ్చేసింది. పైకెక్కే వ్యవధి లేదు. గుంటలో రాళ్ల పక్కన నక్కి కూర్చున్నాను. రెండు నెలలుగా తోటంతా మట్టి కుప్పలే కాబట్టి ఆమెకి అనుమానం రాలేదు. రోజూ కూర్చునే చోటే, నా నెత్తికి రెండు బారల దూరంలో కూర్చుంది.

"ఏరా, రేపు నిన్ను గుట్ట మీదికి మారుస్తారట. అక్కడ గాలి బాగుంటుందట, ఫాదర్ చెప్పాడు. ఆయనకేం, కుర్రాడు, ఎక్కుతాడు. రోజూ అంత ఎత్తు ఎక్కాలంటే నా తల ప్రాణం తోకకొస్తుంది. అయినా వస్తాలే, బెంగ పెట్టుకోకు."

కాసేపు ఊపిరి తీసుకుంది.

"మీ బావే తవ్వుతాడు. భయపడకు. మనిషికి నోరెక్కువే గానీ చెయ్యి మెత్తన. నిన్ను వెతికి తెచ్చింది వాడేరా. వాడు తేకపోతే నేను ఆ ఒడ్డునే పోయేదాన్ని."

చచ్చినవాళ్లకి మన మాటలు ఎలా వినిపిస్తాయో నాకు ఆ రోజు తెలిసింది. పైనుంచి, మట్టి అంచు మీదుగా, ఎవరి కోసమో దిగి వచ్చి మన మీద పడతాయి. పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుంటే చప్పుడవుతుందని తుడుచుకోలేదు.

"పంతొమ్మిదేళ్లుగా నేనొక్కదాన్నే వాగుతున్నా. ఒక్కసారన్నా ఊ కొట్టవేంరా? వింటున్నావో లేదో నాకెలా తెలుస్తుంది?"

"ఊ" అన్నాను.

ఎందుకన్నానంటే చెప్పలేను. జాలి అనుకోండి, బుద్ధిలేనితనం అనుకోండి. ఒక మనిషి అంతసేపు చెప్తుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి కదా. నా నోట్లోంచి వచ్చేసింది, వచ్చాక నోరు మూసుకున్నాను.

పైన కర్ర కింద పడింది. తర్వాత "నాయనా" అంది, అంతే, చిన్నగా. ఆమె వెళ్లేదాకా నేను కదల్లేదు. తల ఎత్తి చూస్తే గోడ పట్టుకోకుండా, చేతులు చాపుకుని, దారి మధ్యలో నడిచిపోతోంది. పేరులేనివాళ్ల వరుస వైపు వెళ్లే ధైర్యం నాకు మరి రాలేదు. గుంట మీద చెక్క పలకలు పరిచి మట్టి కప్పి వచ్చేశాను.

సాయంత్రానికి ఏడూళ్లకీ తెలిసిపోయింది. ఈలగాడు పలికాడట. ఉప్పు షెడ్డులో ఇదే మాట, రేవులో ఇదే మాట. గుట్టలవాళ్లు కూడా ముక్కులు మూసుకోవడం మరిచిపోయి దిగివచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. అత్త అందరికీ ఓపిగ్గా చెప్పింది. "అడిగాను. ఊ అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ ఊ అన్నాడు. రెండుసార్లు."

నేను కొట్టింది ఒక్కసారే. కింద కెరటం గోడకి తగిలిన చప్పుడై ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రాత్రంతా చెప్పుకుంటూనే ఉన్నాను.

మంగళవారం పొద్దున మేం వెళ్లేసరికి అత్త ముందే వచ్చి ఆ సమాధి పక్కనే చతికిలబడి ఉంది. ఫాదర్ పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు, నా భార్య పక్కన నిలబడి బతిమాలుతోంది. అత్త లేవనంటోంది.

"వాడు బతికున్నాడని నేననడం లేదు. నాకా మాత్రం తెలుసు. కానీ పలుకుతున్నాడు. పలికేవాడి మీద పార వేస్తారా? వాడు ఊ అనాలి, అప్పుడు లేస్తా."

అని మట్టికి చెవి ఆనించి పడుకుంది. పోటు ఎక్కుతోంది. అంచుకీ ఆమెకీ మధ్య మూడు బారలు కూడా లేవు, ఆ మధ్యలో నేల మీద ఒక బీట. కెరటం కొట్టినప్పుడల్లా బీట వేలెడు తెరుచుకుంటోంది. ఫాదర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎత్తుకుని తీసుకురండి" అన్నాడు నాతో. నేను భుజం మీద చెయ్యి వేస్తే అత్త రెండు చేతులతో నేలని పట్టుకుంది.

"చెప్పరా" అంటోంది మట్టితో. "ఒక్కసారి చెప్పరా. వీళ్లు నమ్మడం లేదు."

ఆమెని బతికించడానికి ఒక అబద్ధం చెప్పాను. ఇప్పుడు అదే అబద్ధం ఆమెని నీళ్లలోకి లాగుతోంది. నేను ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అత్తా, లే. కింద వాడు లేడు."

"ఉన్నాడు. పలికాడు."

"పలికింది నేను. నిన్న గుంటలో ఉన్నాను. అవి రాళ్లత్తా. నాకు వాడు దొరకలేదు. ఆ రోజు నువ్వు చచ్చిపోతావని అబద్ధం చెప్పాను."

నా భార్య చేతిలోంచి చెంబు జారిపోయింది. అత్త చెవి నేల మీంచి ఎత్తలేదు.

"రెండుసార్లూ నువ్వేనా?"

ఒక్కసారే అంటే ఆమె అక్కణ్ణుంచి లేవదు. "రెండుసార్లూ నేనే" అన్నాను. నిజం చెప్పడానికి కూర్చుని కూడా ఒక అబద్ధం చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆమె లేచి కూర్చుంది. "తియ్యి" అంది. మట్టి నెట్టి, పలక ఒకటి తొలగించి, గుంటలోకి దిగి, తల దగ్గరి గుండ్రటి రాయి తీసి ఆమె ఒళ్లో పెట్టాను. తడిమింది. అటూ ఇటూ తిప్పి, మళ్లీ తడిమి, పక్కన పెట్టింది, విసిరెయ్యలేదు. తిడుతుందనుకున్నాను. చెంప మీద కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. ఆమె మొహంలో కోపం కాదు, కంగారు. పొయ్యి మీద ఏదో మరిచిపోయి వచ్చిన ఆడమనిషి కంగారు.

"ఐతే వాడికి ఏదీ తెలియదన్నమాట" అంది.

"అత్తా..."

"పంతొమ్మిదేళ్లు. ఒక్క ముక్క కూడా వాడికి చేరలేదు. అమ్మ ఎందుకు మాట్లాడటం లేదో అనుకుంటూ ఉంటాడు."

కర్ర కోసం వెతుక్కుంది. నేను అందించాను. లేపడానికి చెయ్యి చాపితే పట్టుకోలేదు.

"నువ్వు రాకు. ఇది తల్లీకొడుకుల మాట. నువ్వు ఊ కొట్టక్కర్లేదు."

కూతురి భుజం పట్టుకుని మెట్ల దారిన ఒడ్డుకి దిగింది. పోటు తగలని ఎత్తు చూసి రాతి గట్టు మీద మా ఆవిడ ఆమెని కూర్చోబెట్టింది. ఫాదర్ పుస్తకం తెరిచి, ఏం రాయాలో తెలియక మళ్లీ మూసేశాడు. మధ్యాహ్నం బీట విడిపోయి, ఆ గుంటా, పెట్టె ముక్కలూ, మిగతా రాళ్లూ కిందికి జారిపోయాయి. అప్పుడు చూడటానికి నేను తప్ప అక్కడెవరూ లేరు.

నన్ను రావద్దంది కాబట్టి పైనే, ఊరి బావి దగ్గర కూర్చున్నాను. అక్కణ్ణుంచి చూస్తే అత్త చేతులు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. గోడ సంగతి చెప్పేటప్పుడు జానలు కొలిచి చూపించే అలవాటు ఆమెకి. ఆ చేతులు ఇంకా జానలు కొలవలేదు. అప్పుడప్పుడు ఆగి, నీళ్ల వైపు తల కొంచెం వాల్చి, మళ్లీ మొదలుపెడుతోంది. పడవలు వచ్చాయి. మగవాళ్లు ఆమె ముందు నుంచి తలలు వంచుకుని, చప్పుడు చెయ్యకుండా వలలు మోసుకుపోయారు.

పొద్దు వాలాక నా భార్య తల్లికి నీళ్ల కోసం బావి దగ్గరికి వచ్చింది. పొద్దున్నుంచీ నా మొహం చూడలేదు. చేద నేను వేస్తానన్నా ఇవ్వలేదు. తనే తోడుకుని, చెంబు నింపుకుంది. వెళ్లిపోతుంటే ఉండబట్టలేక అడిగాను.

"కబుర్లు ఎంతవరకు వచ్చాయి?"

ఆమె ఆగింది. నావైపు తిరగకుండానే చెప్పింది.

"ఇంకా మన పిల్ల పుట్టలేదు."

చెంబు ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగిపోయింది.